శల్యుని విడిది



ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమునకు నియమావళి వ్రాసినవాడను నేను. గడువు దాటిన పుస్తకమునకు దినమునకు అర్ధరూపాయి జరిమానా యుండవలెనని పట్టుపట్టినవాడను నేను. ఉద్యోగపర్వమును గడువు మీద రెండేండ్లు ఇంట నుంచుకొని జరిమానా కట్టనివాడనును నేనే. పరులను గూర్చి పలుకుటకు నా అర్హత స్వల్పము. ఐనను లెక్కలు వ్రాయువాడను గనుక ఒక పద్దును గూర్చి మనవి చేసెదను.

ఆ పర్వములోనే శల్యుని కథ యున్నది. పాండవులకు తోడ్పడ బయలుదేరిన మేనమామకు దారిలో విడిదులు కట్టించి, విందు చేసి, దుర్యోధనుడు తనవానిగా జేసికొనెను.

మన ప్రాంతమున ఆ విడిదులు నేటికిని లేచుచునే యున్నవి. నేటి మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్ నుండి 2014లో కాంగ్రెసు పక్షమున గెలిచిన రెడ్యానాయక్ గారు అనతికాలముననే తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరిరి. 2018లో భూపాలపల్లి నుండి కాంగ్రెసు పక్షముననే గెలిచిన గండ్ర వెంకటరమణారెడ్డి గారును 2019లో అటే పోయిరి. అప్పటికి కాంగ్రెసు సభ్యులు 18 మంది. పోయినవారు 12 మంది. 1985 నాటి ఫిరాయింపుల నిషేధ చట్టము విలీనమునకు కోరు మూడింట రెండు వంతులు సరిగ్గా అంతే! ఒక్కడు పోయిన దోషము, పండ్రెండుగురు పోయిన విలీనము.

నాడు అన్యాయమని మొరపెట్టిన కాంగ్రెసు, ఫిరాయించిన సభ్యుని పదవి తనంత తానే పోవునట్లు పదవ షెడ్యూలును సవరింతుమని 2024 ఏప్రిల్ 5న తన ఎన్నికల ప్రణాళికలో ప్రకటించెను. మెచ్చదగిన మాటయే. కాని దానికి ఐదు దినముల ముందే, మార్చి 31న, జనగామ జిల్లా స్టేషన్ ఘనపూర్ నుండి భారత రాష్ట్ర సమితి పక్షమున గెలిచిన కడియం శ్రీహరి గారికి ఆ పార్టీయే కండువా కప్పెను. అంతట, 2019లో పండ్రెండుగురిని చేర్చుకొన్న సమితియే ధర్మము పేర న్యాయస్థానమున కేగెను. పదిమంది సభ్యులపై వచ్చిన ఫిర్యాదులను మూడు మాసములలో తేల్చవలెనని సుప్రీంకోర్టు 2025 జూలై 31న స్పీకరును ఆదేశించెను.

నా పుస్తకములో ఒకరికి ఖర్చైన రూపాయి మరియొకరికి జమ యైనను రూపాయిగానే యుండును. వీరి పుస్తకములలో పోయినప్పుడు ద్రోహము, వచ్చినప్పుడు అభివృద్ధి కొరకు చేరిక! ఆ రూపాయి వోటరుది. అతని సంతకము ఏ పుటలోను లేదు.

శల్యుని పక్షమున ఒక్క మాట చెప్పవలెను. తాను మాట యిచ్చివచ్చితినని అతడు ధర్మరాజు నెదుటికే పోయి చెప్పెను. (ఆ ధర్మరాజే, తగని పని యని యెరిగియు, యుద్ధమున కర్ణుని ధైర్యము చెరుపుమని అతనిని వేడెను. అది వేరు కథ.) విడిది మార్చితినని మన యూరికి వచ్చి చెప్పిన నాయకుని నేనింతవరకు చూడలేదు.

ఇక నా బాకీ 365 రూపాయలు. కోశాధికారి గారు స్వీకరించి జమ వ్రాయ గోరెదను.