నీతికథలు - కొలువు



బడిలో పిల్లలకు చెప్పు చిన్నకథలు వారు పెరిగి కొలువులలో చేరిన పిమ్మట నెంతవరకు నక్కరకు వచ్చునో నాలుగు మాటలు మనవి చేయదలచితిని. నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి విరమించినవాడను. నేను చెప్పిన యొక కథ నా శిష్యునికి చేటు తెచ్చినది. కావున దీనిని పాండిత్యప్రకటనముగా గాక ప్రాయశ్చిత్తముగా నెంచ వేడుచున్నాను.

పంచతంత్రము పుట్టుక మీరెరిగినదే. చదువబ్బని రాజకుమారులు మువ్వురను ఆరు నెలలలో నీతివిదులను జేసెదనని విష్ణుశర్మ పూనెను. ఆయన శాస్త్రము వల్లింపజేయలేదు, కథలు చెప్పెను. పరవస్తు చిన్నయసూరిగారు 1853లో వెలువరించిన నీతిచంద్రిక యా సంప్రదాయములోనిదే. దానిని చదివియే మావంటి పంతుళ్లు పెరిగిరి.

పంచతంత్రమున కోతికథ యొకటి కలదు. వడ్రంగులు దూలమును సగము కోసి, చీలికలో మేకు దిగగొట్టి భోజనమునకు బోయిరి. ఒక కోతి వచ్చి దూలముపై గూర్చుండి యా మేకు నూడబెరికెను. చీలిక మూసికొనగా నందు జిక్కి ప్రాణములు విడిచెను. “తనది కాని పనిలో తల దూర్చరాదు” అని యేటేట పిల్లలచే పలకలపై వ్రాయించుచుంటిని.

ఆ పిల్లలలో నొక బుద్ధిమంతుడు పట్టణమున నొక వర్తకుని కొట్టులో గుమాస్తాగా కుదిరెను. ప్రక్క గుమాస్తా చిట్టాలోని పద్దులను ఆవర్జాకు ఎక్కించునపుడు అంకెలు మార్చుట వాని కంటబడెను. తన పని కాదని యూరకుండెను. ఏడాది తిరుగునప్పటికి లోటు బయటపడెను. తెలిసియు చెప్పనివాడు తోడుదొంగయే యని యజమాని యిద్దరిని తొలగించెను. కుర్రవాడు మా యరుగుమీద గూర్చుండి, “పంతులుగారూ, మేకు పీకరాదని తమరే చెప్పితిరి గదా!” అనెను. నాకు బదులు తోచలేదు.

ఆ రాత్రి పుస్తకము మరల విప్పితిని. ఇన్నేండ్లు నేను గమనింపనిది కనబడెను. ఆ కథను విష్ణుశర్మ నేరుగా జెప్పలేదు. కరటకుడను నక్క దమనకునితో జెప్పినది. రాజైన సింహము వెరచి నీరు త్రాగక నిలిచినది. మనకేల యని కరటకుని వాదము. సేవకుడు స్వామి మేలు కనిపెట్టవలదా యని దమనకుని ప్రతివాదము. ఇద్దరి మాటయు సంపూర్ణము కాదు. దమనకుని చొరవయే తుదకు సంజీవకుడను నెద్దు ప్రాణము దీసెను. నేనో, వాదములో నొక ప్రక్కను మాత్రము తీసి, ధర్మమంతయు నదియే యని పిల్లల కప్పగించితిని.

మేకు పీకుట వేరు. మేకు కదలుచున్నదని వడ్రంగికి జెప్పుట వేరు. ఈ మాట ముందే చెప్పియుండిన, వాని కొలువు నిలిచెడిది. వేరొక కొట్టులో వానికి పని కుదిర్చితిని గాని, పోయిన పేరు త్వరగా తిరిగి రాలేదు.

నాటినుండి పలకపై నీతి వ్రాయించుట మానితిని. కథ ముగియగనే, ఎవరు చెప్పిరి, ఎవరికి చెప్పిరి, ఏ సమయమున చెప్పిరి యని మూడు ప్రశ్నలు వేయుచుంటిని. కోతికథ వెంటనే చిత్రగ్రీవుని కథయు జెప్పుచుంటిని. వలలో జిక్కిన యా పావురాలరాజు, ఎలుకరాజు హిరణ్యకుడు తన బంధము కొరుకబోగా, ముందు నా వారిని విడిపింపుమనెను. పదిమందిపై నధికారము చేయువానికి ఇంతకన్న వేరు పాఠమేల?

పెద్దలారా, మీ మనుమలు కొలువులకు బయలుదేరునపుడు వారికి కథలు చెప్పుడు. నీతిని మాత్రము మీరే తేల్చివేయక, “నీవైన నేమి చేసియుందువు?” అని యడుగుడు. వారు తడుముకొన్నను తొందరపడకుడు. ఆ తడుములాటలోనే బుద్ధి పదునెక్కును.