గడియ ఎవరి వైపు?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ మాట్లాడవలసినవారు మాట్లాడారు. నాకు కార్యదర్శిగారు అప్పగించిన విషయం అద్దె ఇళ్ళు, వాటిలో యజమానుల జోక్యం. ముప్పై అయిదేళ్ళ సర్వీసులో ఆరు ఊళ్ళు, పధ్నాలుగు అద్దె ఇళ్ళు తిరిగినవాణ్ణి కాబట్టి ఈ సబ్జెక్టుకు నన్ను మించిన గుమాస్తా దొరకడని ఆయన ఉద్దేశం కాబోలు. పైగా రిటైరయ్యాక మేడమీద ఒక వాటా వేసి అద్దెకిస్తున్నాను. అందుచేత రెండు పక్షాల సాక్ష్యమూ నా దగ్గరుంది.

మన రోజుల్లో ఇంటిగలవారి పెత్తనం ఎలా ఉండేదో ఇక్కడున్న పెద్దలకు చెప్పనక్కరలేదు. వెనక కూర్చున్న మనవల కోసం చెబుతాను. నాలుగు వాటాలకు ఒకటే మీటరు. రాత్రి పది దాటితే లైటు ఆర్పమని కేక. గోడకు మేకు కొట్టకూడదు. మధ్యాహ్నం రుబ్బురోలు చప్పుడు వినపడకూడదు. నూతిలో ఎన్ని చేదలు తోడామో వాళ్ళకే తెలిసేది, మనకి తెలిసేది కాదు. ఊరినుంచి చుట్టాలొస్తే, "ఎన్నాళ్ళుంటారండీ?" అని మనల్ని కాదు, తిన్నగా ఆ చుట్టాలనే అడిగేవారు. కులం, గోత్రం, కూరలో ఏం వేసుకుంటాం అన్నవి అడ్వాన్సు ఇవ్వకముందే తేలాలి.

ఇవన్నీ ఓర్చుకున్నాం. ఓర్చుకోలేనిది ఒకటుంది. చెప్పకుండా లోపలికి రావడం.

1979లో కాకినాడలో ఒక పెంకుటింట్లో వెనకవాటాలో ఉండేవాళ్ళం. ముందువాటాలో ఇంటాయన. రెంటికీ మధ్య ఒక తలుపు. దానికి గడియ ఒకటే, అదీ వాళ్ళ వైపు. ఆయనకు తోచినప్పుడు గడియ తీసుకుని మా వంటింట్లోంచి నడిచి పెరట్లోకి వెళ్ళేవాడు. మునగకాయలు కోసుకోవడానికని ఒకసారి, దూలానికి చెదపట్టిందేమో చూడ్డానికని ఒకసారి. నేను ఆఫీసులో ఉన్న వేళ. మా ఇంటావిడ అప్పుడు పురిటి బాలింత. "ఆయన మంచివాడేనండీ, కానీ ఎప్పుడొస్తాడో తెలీక నాకు నిద్ర పట్టడం లేదు" అంది. ఆ మాట విన్న సాయంత్రమే వడ్రంగిని పిలిచి మా వైపు కూడా గడియ బిగించాను.

మర్నాడు పెద్ద పంచాయితీ. "నా ఇంట్లోకి నేను రావడానికి నీ పర్మిషనేమిటయ్యా?" అన్నాడు. "ఇల్లు మీదేనండీ. అద్దె పుచ్చుకుంటున్నన్నాళ్ళూ కాపురం మాది" అన్నాను. ఆ నెల అద్దె పట్టుకెళ్తే తీసుకోలేదు. "నాకు అద్దె వద్దు, ఖాళీ చెయ్యి చాలు" అన్నాడు.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినాలి. అద్దె వద్దనడం ఔదార్యం కాదు. నాలుగు నెలలు పుచ్చుకోకుండా ఊరుకుని, ఆ తర్వాత "అద్దె ఎగ్గొట్టాడు" అని కోర్టుకెక్కడానికి వేసే ఎత్తు అది. అప్పట్లో మనకున్నది 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం. అద్దె తీసుకోని యజమానికి కిరాయిదారు లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి, పది రోజుల్లోగా ఒక బ్యాంకు పేరు చెప్పమని అడగవచ్చు. చెప్పకపోతే కమీషను మినహాయించుకుని మనియార్డరు చెయ్యాలి. అదీ తిప్పికొడితే రెంట్ కంట్రోలరు దగ్గర జమ చేసుకోవాలి. మనకు కాయితం కొత్తా? రిజిస్టరు పోస్టులో నోటీసు, దానికి అక్నాలెడ్జిమెంటు, మనియార్డరు కూపను మీద 'ఫలానా నెల అద్దె' అని స్పష్టంగా రాయడం, అన్నిటికీ ఒక ఫైలు. రెండు మనియార్డర్లు తిరిగొచ్చాయి. మూడోది సంతకం పెట్టి తీసుకున్నాడు. బదిలీ అయ్యేదాకా మరో మూడేళ్ళు అక్కడే ఉన్నాం. ఆయన ఇంటికి చుట్టాలొస్తే మా ఇంట్లోంచే కాఫీపొడి వెళ్ళేది.

రాష్ట్రం విడిపోయాక పరిస్థితి మారింది. ఇక్కడ అద్దెలకు వేరే కొత్త చట్టం చేశారు. అందుచేత నా పాత సెక్షన్లు పట్టుకుని ఎవరూ బయల్దేరవద్దు. ప్లీడరును అడిగి వెళ్ళండి. అయితే మనకు వర్తించే పాత చట్టం ఒకటుంది, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. మనందరం ఏదో ఒక ఫైలులో దాని పేరు రాసినవాళ్ళమే. అందులో 108వ సెక్షను యజమానికీ, కిరాయిదారుకూ ఇద్దరికీ హక్కులిచ్చింది. అద్దె సక్రమంగా కడుతూ షరతులకు లోబడి ఉన్నవాడు గడువు తీరేదాకా ఏ అంతరాయమూ లేకుండా ఉండవచ్చు. యజమాని కూడా ఇల్లు ఏ స్థితిలో ఉందో చూసుకోవడానికి సమంజసమైన వేళల్లో లోపలికి రావచ్చు. అంటే నేను గడియ పెట్టుకోవడమూ న్యాయమే, ఆయన దూలం చూస్తాననడమూ న్యాయమే. ఎప్పుడు, ఎలా అన్నదగ్గరే పేచీ.

ఆ పేచీకి జవాబు 2021లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన నమూనా కిరాయి చట్టంలో ఉంది. కనీసం ఇరవై నాలుగు గంటల ముందు తెలియజేయాలి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు. అగ్నిప్రమాదం, వరద వంటి ఆపత్తులో తప్ప. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టంగా చేసుకుంటే తప్ప మనమీద అమలు కాదు. కానీ ఆ రెండు వాక్యాలనూ మీ అగ్రిమెంటులో రాయించుకోవద్దని ఎవరన్నారు? పదకొండు నెలల అగ్రిమెంటు అనగానే స్టాంపు కాయితం మీద అచ్చులో ఉన్నదానికి కళ్ళు మూసుకుని సంతకం పెడుతున్నాం. పదకొండు అనడం అలవాటు, అంతే. అందులో మన షరతు రాసుకోకూడదని ఎక్కడా లేదు.

ఇంటి యజమానులైన మన సభ్యులు కొందరు నాకేసి కోపంగా చూస్తున్నారు. జి.పి.ఎఫ్., గ్రాట్యుటీ పోసి కట్టుకున్న ఇల్లు. పైన అద్దెకున్నవాళ్ళు గోడంతా గీతలు గీస్తే కడుపు మండుతుంది, నిజమే. కానీ అయ్యా, మోటారు స్విచ్చికి తాళం వేయడం, సీసీ కెమెరా తిన్నగా వాళ్ళ గుమ్మానికి తిప్పడం, "రాత్రి పదకొండున్నరకి మీ అబ్బాయి వచ్చాడు" అని పొద్దున్నే వాట్సాప్ పెట్టడం, ఇవి గోడను కాపాడే పనులు కావు. కడుపులో ఉన్న ఉద్యోగం ఇంకా రిటైరు కాలేదన్నమాట.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పడానికే ఈ సబ్జెక్టుకు ఒప్పుకున్నాను.

మన సభ్యులొకరు, పేరు చెప్పను, మీలో చాలామందికి తెలుసు. భార్యాభర్తలిద్దరే ఒక వాటాలో తొమ్మిదేళ్ళుగా ఉన్నారు. ఒక్క నెల అద్దె ఆలస్యం కాలేదు. ఆవిడకు జబ్బు చేసింది. అప్పటినుంచి ఇంటివారు రోజూ గుమ్మంలోకి రావడం మొదలుపెట్టారు. "అమ్మగారికెలా ఉంది?" అని. మొదటి వారం ఆయన అది సానుభూతే అనుకున్నారు. రెండో వారం, "డాక్టరేమన్నాడు?" మూడో వారం మంచం దాకా వచ్చి చూశారు. నాలుగో వారం చెప్పేశారు. "ఏమీ అనుకోకండి, ఏదైనా అయితే ఇంట్లో కాకుండా చూడండి, మళ్ళీ ఎవరూ అద్దెకు రారు" అని.

ఆవిడను ఆస్పత్రిలో చేర్చింది వైద్యం కోసం కాదు, ఈ మాట కోసం. అక్కడే పోయింది. ఆస్పత్రినుంచి తిన్నగా శ్మశానానికే తీసుకెళ్ళారు. తొమ్మిదేళ్ళు ముగ్గు పెట్టిన గుమ్మం ముందు ఒక్క నిమిషం దింపనివ్వలేదు. పన్నెండు రోజుల కార్యక్రమం ఎక్కడ జరిగిందో మీకు తెలుసు. ఈ హాల్లోనే. ఆ కుర్చీలు పక్కకు జరిపి. కార్యదర్శిగారు తాళాలు ఇస్తూ ఒక్క మాట కూడా అడగలేదు.

ఇలాంటివి పత్రికల్లో చూస్తూనే ఉన్నాం, వానలో శవంతో వీధిలో కూర్చున్నవాళ్ళ సంగతులు. ఏ పండితుణ్ణి అడిగినా దోషానికి శాంతి ఉందనే చెబుతాడు. గుమ్మంలోంచి తోసెయ్యమని చెప్పే శాస్త్రం నేనెక్కడా వినలేదు. అరవై దాటినవాళ్ళకు ఇల్లివ్వమనేవాళ్ళు మన ఊళ్ళో పెరుగుతున్నారు. పైకి "మెట్లెక్కలేరేమోనండీ" అంటారు.

అందుచేత కార్యవర్గానికి నా విన్నపం ఒకటి. అద్దెకిచ్చే వాటాలున్న సభ్యులు ఎవరైతే పెద్దవాళ్ళకు, జబ్బుమనుషులున్నవాళ్ళకు అభ్యంతరం లేకుండా ఇస్తారో వారి పేర్లతో మన ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టండి. ఏ సభ్యుడికైనా ఇంటివారితో ఇటువంటి ఇబ్బంది వస్తే ఒంటరిగా మాట్లాడనివ్వకండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. తెల్లజుట్టు ముగ్గురు గుమ్మంలో నిలబడితే సగంమంది గొంతు తగ్గిస్తారు. మిగతా సగంమందికి నోటీసు రాయడం మనకు వచ్చు.

రిజిస్టరులో మొదటి పేరు నాది రాసుకోండి. మా మేడమీద వాటా వచ్చే నెలాఖరుకు ఖాళీ అవుతుంది. రెండు గదులు, వంటిల్లు, మెట్లకు రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీలు వేయించాను. నీళ్ళు మునిసిపాలిటీవి పొద్దున్న ఆరింటికి వస్తాయి, మోటారు స్విచ్చి పైనే ఉంది.

 భోజనాలు సిద్ధమైనట్టున్నాయి, సెలవు.