గోడమీది చుట్టములు

ఫోటో తీయుట నేడు ఎవరికిని కష్టమైన పని కాదు. తీసినదానిని నలుగురికి చూపుటయే కష్టమైనది. ఒకప్పుడు లేపాక్షి చుట్టుపట్ల పల్లెలవారు ఫోటో తీయించుకొనవలెనన్న హిందూపురము పోవలసి యుండెడిది. దూరము పదిహేను కిలోమీటర్లు మాత్రమే గాని, దానికొక మంచి దినము, మంచి బట్టలు, చేతిలో కొంత పైకము కుదరవలెను. స్టూడియోలో తెరముందు పెద్దలు కుర్చీలలో కూర్చుండగా పిన్నలు వెనుక నిలిచి, రెప్ప వేయక ఎదురు చూచెడివారు. అట్లు చేతికి వచ్చిన ఒక్క ఫోటోకు పటము కట్టించి నడిమింట తగిలించినచో, గడప దాటి వచ్చిన ప్రతివారును ముందుగా దానినే చూచెడివారు. నేడు అదే ఇంట ఒక్కొక్కరి సెల్‌ఫోనులో వేలకొలది ఫోటోలున్నవి. గోడమీద మాత్రము ఆనాటి పటమే యున్నది. ఆ పటములోని వారెవరని పిల్లలనడిగినచో, నడుమనున్న తాతను గుర్తుపట్టుదురు; తక్కిన ఆరుగురి సంగతి అవ్వ నడుగుమందురు. ఆ అవ్వ ఉన్నంత కాలము చిక్కు లేదు.

మన ఇంటి ఫోటోలను ఇంటనే ఎట్లు నిలుపుకొనవలెను, ఇతరులతో ఎట్లు పంచుకొనవలెను అను విషయమును ఈ ప్రసంగమున కొంత ముచ్చటింతము. ఇందులకు లేపాక్షి వీరభద్రాలయము కన్న మంచి తావు దొరకదు. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయలు 1529 మొదలు 1542 వరకు ఏలిన కాలమున, పెనుకొండ సీమలో అధికారము నెరపిన విరుపణ్ణయు, ఆయన సోదరుడు వీరణ్ణయు ఈ ఆలయమును విస్తరింపజేసిరి. మండపముల పైకప్పులకు గార పూయించి రంగుల చిత్రములు వ్రాయించిరి. వానిలో తమ రూపములను గూడ వ్రాయించుకొనిరి. తలలపై పొడవైన కుళ్లాయిలతో, పరివారము వెంటరాగా, దేవుని సన్నిధిని భక్తితో నిలిచిన ఆ సోదరులను నేటికిని చూడవచ్చును. అవి కెమెరాతో తీసినవి కావు, నిజమే. ఫోటో తీయు విద్య లోకమునకు వెల్లడి యైనది 1839లో. అప్పటికి ఆ రంగులు మూడు వందల యేండ్లు ముసలివి. అయినను, తన రూపమును తన వెనుకటివారు చూడవలెనను కోరిక మాత్రము వారిదియు మనదియు ఒక్కటే.

లేపాక్షికి వెళ్లినవారెవరైనను మెడ నొప్పితోనే తిరిగివత్తురు. పైకప్పు మీది బొమ్మలను తలయెత్తి ఎంతసేపు చూడగలము? దేవాలయమున అది తగినదే. అక్కడ తలయెత్తుట గూడ భక్తిలోని భాగము. మన ఇండ్లలో గూడ పటములను ద్వారబంధమునకు పైన, దూలమునకు క్రింద తగిలించు వాడుక ఎట్లో వచ్చినది. వెనుకటివారు ఒక తెలివి చేసిరి. పటము క్రింది అంచును రెండు మేకులపై నిలిపి, పైఅంచును త్రాటితో కట్టి ముందునకు వాల్చెడివారు. క్రింద చాపమీద కూర్చున్నవారికి బొమ్మ తిన్నగా కనబడెడిది. అద్దముమీద వాకిలి వెలుతురు తళుకు పడెడిది కాదు. నేడు ఆ వాలు పోయినది, ఎత్తు మాత్రము మిగిలినది. మా అభిప్రాయమున, దేవుని పటములను ఎంత ఎత్తుననైన నుంచవచ్చును గాని, ఇంటివారి ఫోటోలు కూర్చున్నవారి కంటికి సమముగా ఉండుట మంచిది. అప్పుడు ఆరేండ్ల పిల్లయు చూడగలదు, నడుము వంగిన అవ్వయు చూడగలదు.

మరియొక సంగతి. ఆ మండపములలో బొమ్మలు చెల్లాచెదరుగా లేవు. స్తంభముల వరుసల నడుమ ఒక్కొక్క అంకణమును ఒక్కొక్క కథకు విడిచిరి. ఒకచోట పార్వతీ కల్యాణము, ఒకచోట కిరాతార్జునుల యుద్ధము, ఒకచోట ద్రౌపదీ స్వయంవరము, మరియొకచోట ఆవుదూడ కొరకు కన్నకొడుకునే శిక్షించిన చోళరాజు కథ. కథకు కథకు నడుమ చీర అంచువంటి పట్టెలున్నవి. మన గోడకును అదియే మార్గము. పెండ్లి ఫోటో ప్రక్కన పాఠశాల ఫోటో, దాని ప్రక్కన తిరుపతి యాత్ర, దాని క్రింద మంత్రిగారితో దిగినది, ఇట్లు కలగలిపి తగిలించినచో చూపరి కన్ను ఎక్కడను నిలువదు. ఒక గోడకు ఒక కథ చాలును. నాయనమ్మ పుట్టింటివారు ఒక వరుస. మన ఇల్లు కట్టిననాటివి ఒక వరుస. తక్కినవి ఆల్బములో నుండవచ్చును.

ఆల్బము పుట్టుక గూడ చిత్రమైనదే. 1854లో పారిస్ నగరమున డిస్డేరి అను ఛాయాచిత్రకారుడు అరచేతిలో ఇముడు చిన్న ఫోటోలను ఒకేమారు పెక్కింటిని తీయు పద్ధతికి హక్కు పొందెను. వెల తగ్గెను, జనులు తమ ఫోటోలను చుట్టములకు, స్నేహితులకు పంచుకొనసాగిరి. పంచుకొన్నవానిని దాచుటకు అరలుగల పుస్తకములు వచ్చినవి. అనగా ఆల్బమునకు మూలము దాచుకొనుట కాదు, ఇచ్చిపుచ్చుకొనుట. మన ఇండ్లలో నల్లని దళసరి కాగితముల ఆల్బములను, మూలలకు అంటించు చిన్న త్రికోణపు కాగితములను చూచినవారు ఇంకను పెక్కుమంది యున్నారు. అవి ఫోటోకు హాని చేయక పట్టియుంచినవి. తరువాత వచ్చిన జిగురు పుటల ఆల్బములు, పైన ప్లాస్టిక్ పొర కప్పునవి, చూపునకు సొగసైనవే గాని కొన్నేండ్లకు ఆ జిగురు పసుపుబారి ఫోటోను వదలదు. మీ ఇంట అట్టివి ఉన్నచో బలవంతముగా పెరుకవలదు. అతికియున్న పుటనే వెలుతురులో ఉంచి మరల ఫోటో తీసికొనుడు.

ఈ కరవుసీమలో ఫోటోలకు శత్రువులు పలువురు. ఎండ మొదటిది. నలుపు తెలుపు ఫోటోలోని బొమ్మ సన్నని వెండి రేణువులతో ఏర్పడునది గనుక చాలకాలము నిలుచును. రంగుల ఫోటోలోనివి అద్దకపు రంగులు. వెలుతురు తగిలినకొలది వెలియును. 1970, 80 ప్రాంతములందలి రంగుల ఫోటోలు పెక్కు చీకటి పెట్టెలో ఉంచినను ఎర్రబారినవి. వానిలో ఒక రంగు తక్కినవానికన్న ముందుగా విరిగిపోవుటయే అందులకు కారణము. కావున పటము పడమటి కిటికీకి ఎదురుగా ఉండరాదు. వాన కొద్దియే యైనను, వచ్చినపుడు మట్టిమిద్దె కురియును. తడిసిన గోడకు ఆనియున్న పటము వెనుకనుండి చెదలు పట్టును. లేపాక్షిలో సయితము గార పెచ్చులూడినచోట బొమ్మ పోయినది. నీడను, పొడిగా ఉన్నచోట ఇన్నేండ్లు నిలిచినది. పటము వెనుక రెండు చిన్న బెండు ముక్కలంటించినచో గోడకును దానికిని నడుమ గాలి ఆడును. అద్దమునకును ఫోటోకును నడుమ అట్టచట్రము ఉండవలెను; లేనిచో తేమకు ఫోటో అద్దమునకే అతుకుకొనును.

చెప్పుటకు కొంచెము జంకుగా ఉన్నను, మరియొకటి గూడ చెప్పవలెను. గతించిన పెద్దల పటమునకు మనము ప్రేమతో వేయు తడిపూల దండయే తరచుగా దానికి చేటు తెచ్చును. నీరు అద్దముమీదుగా జారి క్రింది అంచున దిగి, ఫోటో పాదములవైపునుండి చెడును. బొట్టు అద్దముమీద పెట్టిన తప్పులేదు. దండను పటము చట్రమునకు గాక దానిపైనున్న మేకునకు తగిలించి, నీరు ఆరిన పిదప వేయుట మేలు.

ఇక అసలు సంగతికి వత్తము. విరుపణ్ణ, వీరణ్ణల పేర్లు మనకు తెలిసియుండుటకు కారణము, రంగులు కాదు; శాసనములు, తరతరముల జనుల నోటిమాట. వారి వెనుక నిలిచిన పరివారము సంగతి వేరు. ఆ చీరకట్టు, ఆ కొప్పులు, ఆ నగలు నేటి చేనేత పనివారికి సయితము అచ్చెరువు గొలుపుచున్నవి. కాని వారిలో ఎవరు ఎవరో చెప్పగలవారు లేరు. మన గోడమీది గుంపు ఫోటోలకు ఇదే గతి పట్టుటకు నాలుగు వందల యేండ్లు అక్కరలేదు, ఒక్క తరము చాలును.

ఇందు స్త్రీల సంగతి మరింత విచారకరమైనది. ఫోటో తీసిన ఆయువు తగ్గునను భయము ఒకప్పుడు పల్లెలలో ఉండెడిది. ఘోషా కుటుంబములలో పరపురుషుడైన ఛాయాచిత్రకారుని ఎదుట నిలుచుటయే కుదరదు. హైదరాబాదున ఆరవ నిజాము కొలువులో ప్రసిద్ధికెక్కిన రాజా దీన్‌దయాళ్ 1892లో స్త్రీలకై ప్రత్యేకముగా ఒక స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్ల వనిత యాజమాన్యమున నడిపించినది ఇందువలననే. అది నగరమున, కలిగినవారికి. మన పల్లెలలో పెక్కుమంది అవ్వలకు మొదటి ఫోటో, 1993 తరువాత వచ్చిన ఓటరు గుర్తింపు కార్డులోనిదే. ఆమె గతించిన పిదప ఆ తపాలాబిళ్లయంత ఫోటోనే పెద్దది చేయించి, చీర రంగు దిద్దించి, గోడకు తగిలించినవారిని మేము ఎరుగుదుము. మీ ఇంట పెద్దవారున్నచో, పండుగనాడు కాక మామూలు దినమున, వారు రాగిసంకటి గెలుకుచుండగనో, అరుగుమీద వేరుసెనగకాయలు వొలుచుచుండగనో ఒక ఫోటో తీసి పెద్దదిగా అచ్చు వేయించుడు. వారు చూచుకొని నవ్వుకొనగల దినములలోనే వేయించుడు.

ఫోటో వెనుక పేర్లు వ్రాయుటలో ఒక చిక్కు కలదు. జనులు సాధారణముగా ‘మా పెద్దనాన్న’, ‘చిన్నత్త’ అని వ్రాసి ఊరకుందురు. ఎవరి పెద్దనాన్న? వ్రాసినవాడు పోయిన పిదప ఆ వరుస గాలిలో నిలుచును. మన భాషలో వరుసలు మాటాడువానినిబట్టి మారునవి. తండ్రికి అక్కయైనది కొడుకునకు మేనత్త, మనుమనికి మరియొకటి. కనుక వరుసతోపాటు పేరు, పుట్టినింటి ఊరు, ఎవరి కూతురు, ఎవరి భార్య అన్నది వ్రాయవలెను. ఏ సంవత్సరమో తెలియకున్న, ‘పెద్దవాని పెండ్లికి ముందు’, ‘బావి తవ్వించిన యేడు’ అని వ్రాసినను చాలును. ఎడమనుండి కుడికి, ముందు వరుసనుండి వెనుక వరుసకు వ్రాయుట అందరికిని తెలియును. పాత కాగితపు ఫోటోమీద మెత్తని పెన్సిలుతో, ఒత్తక వ్రాయవలెను. బాల్‌పెన్ను ముద్ర ఎదుటి వైపునకు ఉబుకును. రంగుల ఫోటో వెనుక నున్నగా ఉండి పెన్సిలు పట్టదు. దానికి వేరు చీటి వ్రాసి ఆల్బములో ప్రక్కన అంటింపవచ్చును. స్టూడియో ముద్ర ఉన్నచో దానిని చెరుపవలదు. ఒక్కొక్కప్పుడు ఊరు తెలియుటకు అదియే ఆధారము.

ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ వరకు అనంతపురము జిల్లాలోనిది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. జిల్లా పేరు మారినను వానలు మారలేదు. పంట లేని యేండ్లలో బెంగుళూరునకు పోయి అక్కడనే నిలిచిపోయిన కుటుంబములు ఊరూరను కలవు. అన్నదమ్ములు వేరుపడునపుడు చేను గట్టు వేసికొందురు, పాత్రలు పంచుకొందురు. తండ్రి ఫోటో మాత్రము ఒక్కటియే. అది ఎవరో ఒకరి ఇంట తాళము వేసిన గదిలో ఉండిపోవును. దీనికి విరుగుడు నేడు చాల సులభము. పటమునుండి ఫోటోను విప్పి, ఎండ నేరుగా పడని కిటికీదగ్గర చదునుగా ఉంచి, ఫ్లాష్ లేకుండ సెల్‌ఫోనును సమాంతరముగా పట్టి తీసినచో మంచి ప్రతి వచ్చును. దానిని స్టూడియోలో అచ్చు వేయించి అన్నదమ్ములందరికిని ఒక్కొక్కటి ఇవ్వవచ్చును. ఎవరైన ఫోటో అడిగినపుడు అసలుదానిని ఇవ్వక ప్రతి నిచ్చుట మంచిది. ఎరువు పోయిన ఫోటో ఎరువు పోయిన పుస్తకము వంటిదే, తిరిగి రాదు. వాట్సాప్‌లో పంపినపుడు సామాన్యముగా ఫోటో పరిమాణము తగ్గును గనుక అసలు ప్రతిని వేరుగా రెండు చోట్ల దాచవలెను.

ఒకప్పుడు మధ్యతరగతి ఇండ్లలో ఉండిన అగ్ఫా క్లిక్ 3 కెమెరాలో రీలుకు 12 ఫోటోలే వచ్చెడివి. ఆ పండ్రెండింటిని ఎంత ఆలోచించి తీసెడివారు! మేము ఆ లెక్కనే పట్టితిమి: ఏడాదికొక రీలు. సెల్‌ఫోనులో ఎన్ని యున్నను, సంవత్సరాంతమున అందరు కూడి పండ్రెండు ఏరి అచ్చు వేయింపవలెను. ఏరుటలో వచ్చు వాదులాటయే సగము వినోదము. ఒకరి ఏడ్పు, ఒకరి రోగము, పిల్లల స్నానము వంటివానిని గోడకెక్కింపరాదు, ఊరికి పంపరాదు. అందులో ఉన్నవారు వద్దన్నచో మారుమాట యుండరాదు.

తక్కినవానిని చూచుటకు ఒక రాత్రి చాలును. ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలవారు నేటికిని ఆ విద్యను నిలుపుకొనియున్నారు. తెల్లని తెర, దీపము, చీకటిలో కూర్చున్న జనము, కథ చెప్పు గొంతు: బొమ్మలాటకు ఇవి కావలెను. మన ఫోటోలకును ఇంతియే. టెలివిజనుకు సెల్‌ఫోనును తగిలించియైనను, తెల్లపంచెపై ప్రొజెక్టరుతోనైనను ముప్పది ఫోటోలకు మించక చూపుడు. కథ చెప్పుటకు పెద్దవారిని కూర్చుండబెట్టుడు. తొందరపెట్టవలదు. ఒక్క ఫోటోదగ్గర అవ్వ అరగంట నిలిచినచో నిలువనిండు. ఆ అరగంట మాటలను సెల్‌ఫోనులో రికార్డు చేసికొనుడు.

ఉగాదికి ముందు ఇంటికి సున్నము వేయునపుడు పటములన్నియు ఎటులను క్రిందికి దిగును. ఆ దినముననే వానిని వెనుకకు త్రిప్పి, చెదలున్నవేమో చూచి, చీటి లేనిదానికి చీటి అంటించి, మరల తగిలింపవచ్చును. పెన్సిలు మాత్రము ముందుగా చెక్కి యుంచుకొనుడు; అవ్వ చెప్పుట మొదలిడిన పిదప వెదకుటకు వ్యవధి యుండదు.