సీటు దొరికితే సరిపోదు



పోలియోను నిర్మూలించాలని 1988లో జెనీవాలో ప్రపంచ దేశాలు తీర్మానించాయి. మన దేశంలో అది పోయిందని 2014లో ప్రకటించారు. తీర్మానంతోనే పోయిందా? చుక్కలందని పిల్లల కోసం కార్యకర్తలు ఇంటింటికీ మళ్లీ మళ్లీ తిరిగారు.

కాలేజీ చదువూ అంతే. 2006లో రాజమండ్రిలో నన్నయ విశ్వవిద్యాలయం, 2007లో మనలో వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చాయి. సీటు దొరుకుతోంది. కాని మా దగ్గర ఉర్దూ మీడియంలో చదివిన పిల్లవాడు ఇంగ్లీషు పాఠం అందక, బస్సు ఛార్జీ లేక, రెండో ఏడు మెకానిక్ షాపులో కనిపిస్తాడు. అమ్మాయికైతే పెళ్లి కుదురుతుంది.

చేరినవారికి సన్మానం చేస్తున్నాం, సంతోషం. ఇకమీదట మానేసినవారి పేర్లూ రాసుకుందాం. నెలనెలా వాళ్ల గడప తొక్కుదాం. ఖుదా హాఫిజ్.