నిజము పలుకు సాక్షి పొరబడుట
(మన సంఘ సమావేశమునందు చేయబడిన ప్రసంగ పాఠము)



కోర్టులో సాక్ష్యమనగానే మనకు ఇద్దరు మనుష్యులు స్ఫురింతురు. నిజము చెప్పువాడొకడు, అబద్ధమాడువాడొకడు. బోనులో నిలిపి ప్రమాణము చేయించుటయు, ఎదుటి పక్షపు ప్లీడరు గ్రుచ్చి గ్రుచ్చి అడుగుటయు ఆ రెండవవానిని పట్టుకొనుటకే యని మన నమ్మకము. అయితే మూడవవాడొకడు కలడు. వాడు అబద్ధమాడడు. తాను కన్నులార చూచినదే చెప్పుచున్నానని మనఃపూర్వకముగా నమ్మును. కాని వాడు చెప్పునది జరిగినది కాదు. నిపుణుడైన ప్లీడరు అబద్ధికుని పట్టుకొనగలడు గాని వీనిని పట్టుకొనుట దుర్లభము. ఏలనన వీని ముఖమున తొట్రుపాటుండదు. నేడు నేను మనవి చేయబూనినది వీనిని గూర్చియే.

బాలల బుద్ధివికాసమును గూర్చి జీవితమెల్ల పరిశోధించిన స్విట్జర్లాండు పండితుడు పియాజే తన తొలి జ్ఞాపకమును గూర్చి ఒక విచిత్ర వృత్తాంతము వ్రాసియున్నాడు. ఆయన రెండేండ్ల బిడ్డగా నున్నప్పుడు దాది ఆయనను తోపుడుబండిలో కూర్చుండబెట్టి పారిస్ నగరపు రాజవీథియగు షాంజెలీజేలో త్రిప్పుచుండెనట. ఎవడో వచ్చి బిడ్డ నెత్తుకొనిపోజూచెను. బిడ్డకు కట్టిన పట్టీ గట్టిగా నుండుటచే వాని ప్రయత్నము సాగలేదు. అడ్డుపడిన దాది ముఖమున గీతలు పడినవి. అంతలో పొట్టి అంగీ తొడిగి తెల్లని లాఠీ పట్టిన పోలీసువాడు రాగా దొంగ పారిపోయెను. ఈ దృశ్యమంతయు, దాది ముఖముపై గీతలతో సహా, తన కన్నులకు గట్టినట్లుండెడిదని పియాజే చెప్పెను. ఆయనకు ఇంచుమించు పదునైదేండ్లు వచ్చిన తరువాత, ఆ దాది ఆయన తల్లిదండ్రులకొక జాబు వ్రాసినది. తాను సాల్వేషన్ ఆర్మీలో చేరితిననియు, పూర్వపు తప్పులను ఒప్పుకొనదలచితిననియు, ఆ కథ యంతయు తన కల్పనయే యనియు, గీతలు తాను గీచుకొన్నవే యనియు తెలిపి, నాడు బహుమానముగా పొందిన గడియారమును త్రిప్పి పంపినది. పెద్దలు చెప్పుకొనగా విన్న కథయే ఆ బాలుని మనస్సున కంటితో చూచిన దృశ్యమై కూర్చున్నదన్నమాట.

ఇది ఎక్కడనో పారిస్‌లో మాత్రమే జరుగు వింత కాదు. మన పూర్వులు ఎడ్లబండ్లపై ఈ సీమకు వచ్చిన కథలు మన ఇండ్లలో ఎన్నియో కలవు. బండి ఇరుసు విరిగిన చోటు, దారిలో దాహమిచ్చిన ఇల్లు, ఇవన్నియు ముసలమ్మ నోట వందమారులు విన్న మనుమడు ముదిమి వచ్చునప్పటికి తానును ఆ బండిలో కూర్చున్నట్లే చెప్పుట కలదు. పుట్టిన సంవత్సరము లెక్క కట్టినప్పుడు గాని నాటికి వాడు పుట్టనే లేదని తేలదు. ఇంటి అరుగుమీద దీనివలన కీడు లేదు, కథకు రుచియే కలుగును. కోర్టు మెట్లెక్కినప్పుడే చిక్కు.

మనస్సు ఫోటో తీయు పెట్టె వంటిదని మనము భావింతుము. కేంబ్రిడ్జి పండితుడు బార్ట్‌లెట్ 1932లో ప్రకటించిన గ్రంథముననే ఈ భావమును ఖండించెను. గుర్తు తెచ్చుకొనుట యనగా దాచినదానిని వెలికితీయుట కాదు, మిగిలిన తునకలతో మరల కట్టుకొనుట యని ఆయన సిద్ధాంతము. అట్లు కట్టుకొనునప్పుడు ఇటుకలు పరులును అందింపవచ్చును గదా! 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనువారు ప్రకటించిన పరీక్ష దీనిని తేటతెల్లము చేసినది. 45 మంది విద్యార్థులకు కార్లు ఢీకొను చిన్న చిత్రములను చూపి, ఆ కార్లు ఎంత వేగముతో పోవుచుండెనని అడిగిరి. ప్రశ్నలో మార్చినది ఒక్క క్రియాపదమే. కార్లు ఒకదానినొకటి 'తాకినప్పుడు' అని అడిగినవారికి వచ్చిన సగటు జవాబు గంటకు 32 మైళ్లకు లోపు. 'గుద్దుకొని నుజ్జయినప్పుడు' అని అడిగినవారి సగటు 40 మైళ్లకు పైన. 150 మందితో చేసిన రెండవ పరీక్షలో, వారము గడిచిన పిమ్మట, పగిలిన అద్దము చూచితిరా యని అడిగిరి. చిత్రములో పగిలిన అద్దమే లేదు. 'నుజ్జయినప్పుడు' అను మాట విన్న 50 మందిలో 16 మంది చూచితిమనిరి. 'కొట్టుకొన్నప్పుడు' అను సామాన్యపు మాట విన్న 50 మందిలో ఏడుగురే అట్లనిరి. ఈ పదునారుగురిలో ఒక్కడును అబద్ధమాడలేదని మరువరాదు.

1995లో లాఫ్టసే తన శిష్యురాలితో కలిసి మరియొక పరీక్ష ప్రకటించెను. చిన్ననాడు పెద్ద దుకాణముల సముదాయమున తప్పిపోయితివని, ఇంటివారు చెప్పినట్లుగా నమ్మబలుకగా 24 మందిలో నాల్గవవంతు మంది ఆ జరుగని సంగతిని కొంతయో పూర్తిగనో గుర్తు తెచ్చుకొనిరి. మిగిలిన మూడువంతులవారు లొంగలేదనుటయు గమనింపదగినదే. అందరి జ్ఞాపకమును పరుల మాటకు మైనపుముద్ద యనుట అతిశయోక్తి యగును.

ఇక జీవితములు తారుమారైన ఒక కేసు చెప్పెదను. 1984లో అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రమున బర్లింగ్టన్ పట్టణమందు ఒకడు రాత్రివేళ ఒక విద్యార్థిని యింట జొరబడి బలాత్కారము చేసెను. ఆమె ధైర్యశాలి. ఎట్లయినను వీనిని పట్టింపవలెనని ఆ సమయమందే వాని ముఖమును శ్రద్ధగా గమనించినది. పోలీసులు కొన్ని ఫోటోలు చూపగా తటపటాయించి రొనాల్డ్ కాటన్ అనువాని ఫోటోను ఎన్నుకొన్నది. పిదప కొందరు మనుష్యులను వరుసగా నిలుపగా వానినే మరల చూపినది. ఈ రెండవమారు ఆమె మనస్సున మెదలినది నేరస్థుని ముఖమో, ఫోటోలో చూచిన ముఖమో ఎవరు చెప్పగలరు? నీవు ఫోటోలో చూపినవాడును వీడే యని పోలీసులు చెప్పుటతో ఆమెకున్న కొద్దిపాటి సందేహమును తొలగినది. 1985లో కాటన్‌కు యావజ్జీవ శిక్ష పడినది. 1987లో జరిగిన రెండవ విచారణలో అసలు నేరస్థుడగు బాబీ పూల్‌ను ఆమె యెదుటికి తెచ్చిరి. ఇతనిని నేనెన్నడును చూడలేదని ఆమె చెప్పినది! చివరకు 1995లో డి.ఎన్.ఎ. పరీక్ష వలన నిజము తేలి, పదేండ్లకు పైగా చెరలో మ్రగ్గిన కాటన్ విడుదలయ్యెను. ఆమెయు కాటనును తరువాత స్నేహితులై, తమ కథను 2009లో గ్రంథముగా ప్రకటించిరి. అమెరికాలో డి.ఎన్.ఎ. పరీక్ష వలన నిర్దోషులని తేలినవారిలో ఇంచుమించు మూడింట రెండువంతుల మంది విషయమున ప్రత్యక్ష సాక్షుల తప్పు గుర్తింపు ఒక కారణమని ఇన్నొసెన్స్ ప్రాజెక్టు అను సంస్థ లెక్కలు చెప్పుచున్నవి.

ఆ కేసులో అన్నింటికంటె నన్ను కలవరపెట్టునది పోలీసుల మెప్పు మాట. 1998లో గారీ వెల్స్, ఏమీ బ్రాడ్‌ఫీల్డ్ అను పండితులు దీనినే పరీక్షించిరి. అసలు దోషి ఫోటోయే లేని కట్టలోనుండి తప్పు మనిషిని ఎన్నుకొన్నవారితో 'సరిగా గుర్తించితివి' అని ఒక్క మాట అన్నంతనే వారి నిశ్చయము పెరిగినది. అంతేకాదు, మొదట తాము చాల చక్కగా చూచితిమనియు చెప్పసాగిరి. కావున విచారణనాడు సాక్షి చూపు దృఢత్వము కంటె, మొట్టమొదట గుర్తించిన నాడు అతడు ఎంత నిశ్చయముతో చెప్పెనో అదియే విలువైన సంగతి.

మన దేశపు న్యాయస్థానములు ఈ విషయమెరుగనివి కావు. గుర్తింపు పెరేడు ఆలస్యమైనను, అంతకుముందే సాక్షికి ముద్దాయినిగాని వాని ఫోటోనుగాని చూపినను ఆ గుర్తింపు విలువ తగ్గునని మన కోర్టులు చెప్పుచునే యున్నవి. గుజరాతు నుండి వచ్చిన ఒక అప్పీలులో 1983లో సుప్రీంకోర్టు, సాక్షి మనస్సు వీడియో టేపు కాదనియు, చిన్నచిన్న వివరములందు తేడా వచ్చినంత మాత్రమున సాక్ష్యమును త్రోసిపుచ్చరాదనియు వివరించి నేరనిర్ణయమును నిలిపినది. ఈ రెండవ ప్రక్కను కూడ చూడవలెను. జ్ఞాపకము పొరబడునను శాస్త్రమును పట్టుకొని, దెబ్బతిన్న ప్రతి ఆడుదాని మాటను కల్ల యనువారు శాస్త్రమును చదివినవారు కారు.

ఇక మనబోటి కుటుంబముల సంగతికి వత్తును. ఒక్క క్రియాపదము మారినంతనే జ్ఞాపకము ఇంతగా మారుచుండగా, భాషయే మారునప్పుడేమి కావలెను? తెలుగున 'తగిలినది' యన్న మాట చేయి సోకుటకును చెల్లును, దెబ్బ బలముగా పడుటకును చెల్లును. దుబాసీ దానిని మరియొక భాషలోనికి త్రిప్పునప్పుడు రెండర్థములలో ఒకదానిని ఏరుకొనక తప్పదు. 'మోదుట' యనగా మనకు కొట్టుట; తమిళమున ఆ మాటనే ఢీకొనుట యను అర్థమున తరచు వాడుదురు. రెండు భాషలు కలిపి మాటలాడు ఇండ్లలో, తాను ఏ అర్థమున వాడెనో సాక్షికే మరపు రావచ్చును. పోలీసులు వ్రాసుకొన్న వాఙ్మూలమున ఆ మాట ఒకసారి పడినదా, ఏండ్లు గడిచిన పిమ్మట దానినే వినిపించి, 'నీవు నాడిట్లు చెప్పలేదా' అని అడుగుదురు. అన్యభాషలో వ్రాసిన మాట అట్లు తిరిగి వచ్చి సాక్షి జ్ఞాపకమునే దిద్దునని నా అభిప్రాయము.

చట్టమున దీనికి కొంత రక్షణ కలదు. పోలీసులు దర్యాప్తులో వ్రాసుకొను వాఙ్మూలముపై సాక్షి సంతకము చేయవలసిన పని లేదు, చేయించరాదు కూడ. కోర్టులో ఇచ్చు సాక్ష్యము మాట వేరు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడునందును, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితయందును ఒక నియమము కలదు. సాక్ష్యము ముగిసిన పిమ్మట వ్రాసినదానిని సాక్షికి చదివి వినిపింపవలెను. అది సాక్షికి తెలియని భాషలో నున్నచో, అతడు సాక్ష్యమిచ్చిన భాషలోగాని అతనికి తెలిసిన భాషలోగాని వివరింపవలెను. పని ఒత్తిడిలో ఇది ఒక తంతుగా ముగియుట పలువురెరిగినదే. అట్టి వేళ 'తెలుగులో వినిపింపుడు' అని మనవారు సంకోచింపక అడుగవచ్చును. విన్నప్పుడు ఏ మాటయైన తాను చెప్పినది కాదని తోచినచో అప్పుడే చెప్పవలెను. న్యాయాధికారి దానిని దిద్దవచ్చును. దిద్దనిచో సాక్షి తెలిపిన అభ్యంతరమును తన వ్యాఖ్యతో సహా ఆ సాక్ష్యము క్రిందనే వ్రాసి యుంచును, పై కోర్టువారు చదువునప్పుడు రెండును వారి యెదుట నుండును.