మూడోసారి పాసైన మెట్రిక్యులేషన్

ప్రియమైన యువ వైద్యులారా, వెనక వరసల్లో కళ్లు తుడుచుకుంటున్న అమ్మానాన్నలారా!

ఈ హాల్లో లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని మెడికల్ సీటు తెచ్చుకున్నవాళ్లు ఉండే ఉంటారు. పెళ్లిళ్లలో చుట్టాలు "సీటొచ్చిందా?" అని అడుగుతారేమోనని గదిలోనే ఉండిపోయిన ఏడాది వాళ్లకింకా గుర్తే. వాళ్ల కోసం ఈ పూట వైద్య పరిశోధకుడు యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోవాలి.

1895లో భీమవరంలో పుట్టిన ఆ కుర్రవాడు రాజమండ్రిలో చదివే రోజుల్లోనే అయినవాళ్లను జబ్బులకు పోగొట్టుకున్నాడు. చదువు దెబ్బతింది. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి, మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. ఆ తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీ. ఖర్చులకు స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆదుకున్నారు. ఆయన కూతురినే సుబ్బారావు తర్వాత పెళ్లాడాడు.

సీటొచ్చినా కష్టాలు తీరలేదు.

గాంధీజీ పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను తొడుక్కున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. రాతపరీక్షలు బాగా రాసినా చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్. మద్రాసు వైద్య సర్వీసులో చేరాలన్నా కుదరలేదు. ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసా, మామగారు పోగుచేసిన డబ్బు ఆయన్ను అమెరికా ఓడ ఎక్కించాయి.

బోస్టన్‌లో పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. హార్వర్డ్‌లో పరిశోధనకు దిగి, 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో కనిపించే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అదే. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లాక ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ అక్కడినుంచే వచ్చాయి. 1948లో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

ఈ కథలో సుబ్బారావు గారి పట్టుదల అందరికీ తెలుసు. ఖర్చులకు ఆదుకున్న స్నేహితుల పేర్లు మాత్రం చాలామందికి తెలియవు. వాళ్లు లేకపోతే ఆ చదువు మద్రాసులోనే ఆగిపోయేదేమో!

హౌస్‌సర్జన్సీ ముగించి హాస్టలు గదులు ఖాళీ చేస్తున్నవారికి ఒక విన్నపం. ఫిజియాలజీ రెండోసారి తప్పి, ఇంటికి ఫోను చేయలేక కూర్చున్న జూనియర్ ఒకరు అదే వరండాలో ఉంటారు. ఊరికి బయలుదేరేలోగా ఆ తలుపు తట్టండి. మీ నోట్సు ఇచ్చి, ఒక్క సాయంత్రం పక్కన కూర్చోండి.