మీడియా నైతికత: ఎక్కడ చదవాలి?
జర్నలిజం విద్యార్థులు మీడియా నైతికత గురించి నెట్‌లో వెతికితే ఎవరెవరో రాసిన నోట్సే ముందు కనిపిస్తాయి. వాటిని పక్కనబెట్టి నేరుగా ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్ తెరవండి. 1978 చట్టం కింద నడిచే ఈ సంస్థ పాత్రికేయ నియమావళిని అక్కడ ఉచితంగానే ఉంచింది. నా మటుకు అంతకన్నా విలువైనవి ఫిర్యాదులపై ఇచ్చిన నిర్ణయాలు. ఫిర్యాదుదారు ఏమన్నారు, పత్రిక ఏం జవాబిచ్చింది, కౌన్సిల్ చివరికి ఏం తేల్చింది, అన్నీ ఉంటాయి. నిర్ణయం ఉండే చివరి పేరా చూడకముందే మీరైతే ఏం చెప్పేవారో రాసుకోండి.

పత్రికలకు ఇవి ఉన్నట్టే, టీవీ వార్తా ఛానళ్లకు వాటి స్వీయ నియంత్రణ సంస్థ ఎన్‌బీడీఎస్‌ఏ (న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ అండ్ డిజిటల్ స్టాండర్డ్స్ అథారిటీ) ఫిర్యాదులపై ఇచ్చిన ఉత్తర్వులున్నాయి.

వీటితో పాటు, బాధితుల పేర్ల గోప్యతపై నిపుణ్ సక్సేనా కేసులో 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పును తప్పకుండా పూర్తిగా చదవండి. అత్యాచార బాధితురాలు చనిపోయినా, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నా, సెషన్స్ జడ్జి సరేననందే పేరు బయటపెట్టకూడదని కోర్టు అందులో స్పష్టంగా చెప్పింది.